పెదవి విప్పని తరగతులు

టోక్యో, జూన్ 8

నాన్నగారూ,

క్షేమంగా చేరాను. ఇక్కడ వానల కాలం మొదలైంది, పొద్దున్నుంచీ ముసురే. అమ్మ కట్టిచ్చిన కందిపొడి అక్కరకొస్తోందని చెప్పండి.

జపాన్ పిల్లలు క్లాసులో నోరు విప్పరటగా అని బయల్దేరేటప్పుడు అన్నారు. ఇవాళ కళ్ళారా చూశాను. ఊరికి పడమటి వైపు ఒక ప్రైవేటు యూనివర్సిటీ, మొదటి సంవత్సరం ఇంగ్లిషు క్లాసు, తొంభై నిమిషాలు. ముందు రెండు వరసలూ ఖాళీ. నేను వెనక కూర్చున్నాను. లెక్చరరు ఒక అబ్బాయిని "ఆదివారం ఏం చేశావు?" అనడిగింది. అతను పక్కవాడి వైపు తిరిగాడు. ఇద్దరూ ఏదో గుసగుసలాడి, వెనకమ్మాయినీ ఓ మాట అడిగారు. అప్పుడు తలొంచుకుని "నిద్రపోయాను" అన్నాడు ఇంగ్లిషులో. తను నిద్రపోయాడని చెప్పడానికి ఇద్దరి సలహా దేనికా అని నవ్వొచ్చింది. వాళ్ళు సరిచూసుకున్నది వాక్యాన్నట! తప్పు వాక్యం నలుగురిలో పలికితే పరువు పోతుందని అంత భయం.

ఆ భయం ఊరికే రాలేదు. హైస్కూలు దాకా చాలామందికి ఇంగ్లిషంటే వాక్యాన్ని ముక్కలు చేసి జపనీస్‌లో రాసుకోవడమే. యూనివర్సిటీ ప్రవేశానికి ప్రతి జనవరిలో దేశమంతటా ఉమ్మడి పరీక్ష పెడతారు. 2021 నుంచి అందులో ఇంగ్లిషు చదవడానికి 100 మార్కులు, వినడానికి 100. మాట్లాడటానికి ఒక్క మార్కూ లేదు. మాట్లాడటాన్ని కూడా చూసే బయటి పరీక్షలను దీనికి కలపాలనుకున్నారు గానీ, ఫీజులు కట్టలేనివాళ్ళూ దూరపు ఊళ్ళవాళ్ళూ నష్టపోతారని గొడవ రేగడంతో 2019 నవంబరులో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మార్కులు లేని చదువు ఎవరు చదువుతారు? మన ఇంటర్ పిల్లల సంగతి మీకు తెలియనిదా!

2012లో ఇక్కడి కేంద్ర విద్యా మండలి, యూనివర్సిటీల్లో ఉపన్యాసాలు తగ్గించి పిల్లలే పూనుకుని నేర్చుకునేలా పాఠాలు మార్చమంది. అప్పట్నుంచి ఎక్కడ విన్నా "యాక్టివ్ లెర్నింగ్" మాటే. చాలాచోట్ల చక్రాల బల్లలు కొన్నారు. బల్లలు కదిలాయి గానీ పిల్లలు కదల్లేదని ఓ పెద్దాయన నాతో అన్నాడు.

ఈ లెక్చరరు మాత్రం బల్లల జోలికి పోలేదు. అందర్నీ లేచి జంటలుగా నిలబడమంది. చేతులతో రాయి, కాగితం, కత్తెర ఆడారు. ఓడినవాళ్ళు తమ ఆదివారం గురించి నాలుగు నిమిషాలు మాట్లాడాలి. ఎదుటివాళ్ళు వినాలి, అంతే. గంట మోగగానే జంట మారింది, అదే కథ మూడు నిమిషాల్లో. మళ్ళీ మారింది, ఈసారి రెండే నిమిషాలు. మొదటి విడత తడబాట్లే. మూడోసారికి గది రైతుబజారైపోయింది. చెప్పాల్సింది అప్పటికే నోటికొచ్చేసింది, వినే మనిషి కొత్త, టైము తక్కువ. ఇక భయపడటానికి తీరికెక్కడిది? ఆ నిద్రపోయినబ్బాయి నా దగ్గర్లోనే నిలబడ్డాడు. శనివారం రాత్రంతా ఒక షాపులో డ్యూటీ చేశాడట. అందుకని ఆదివారం నిద్ర. ఇందాక అడిగినప్పుడు ఇందులో ఒక్క ముక్క చెప్పలేదు.

క్లాసు చివర అందరూ తలో కార్డు మీద రెండు మూడు వాక్యాలు రాసిచ్చారు. టీచరు జవాబు రాసి వచ్చే వారం తిరిగిస్తుంది. టర్మంతా అదే కార్డు. ఈ పద్ధతి మియే యూనివర్సిటీ ప్రొఫెసరొకాయన మొదలుపెట్టింది. వెనకటి వర్తకుల చిట్టా పుస్తకం పేరే దానికీ పెట్టాడు. క్లాసులో ఒక్క చెయ్యి లేవలేదు గానీ కార్డుల నిండా ప్రశ్నలే.

చిబా, జూన్ 12

ఇవాళ మకుహారిలో కాందా అంతర్జాతీయ అధ్యయనాల యూనివర్సిటీకి వెళ్ళాను. పిల్లలు సొంతంగా భాష నేర్చుకునే కేంద్రమొకటి ఇక్కడ 2001 నుంచి నడుస్తోంది, 2017లో దానికోసం విడిగా భవనమే కట్టారు. నాకు నచ్చింది అక్కడి సలహాదారుల పని. పాఠాలు చెప్పడం కాదు, ఏం నేర్చుకోవాలనుంది, ఎలా నేర్చుకుంటావు, అనుకున్నది ఎంతదాకా వచ్చింది అని పిల్లల్తో కూర్చుని మాట్లాడటం.

అయితే ఇక్కడ ఉద్యోగాల వేటలో టోయిక్ అనే ఇంగ్లిషు పరీక్ష మార్కులకు గిరాకీ ఎక్కువ. జపాన్ చొరవతోనే 1979లో మొదలైన పరీక్ష. ఎక్కువమంది రాసే రకంలో 200 ప్రశ్నలు, 990 మార్కులు, అందులోనూ వినడం, చదవడమే. మూడో ఏడాది దాటేసరికి పిల్లలు నల్ల సూట్లు తొడుక్కుని ఇంటర్వ్యూల చుట్టూ తిరుగుతారు, క్లాసులు పలచబడతాయి.

అకితా, జూన్ 15

ఎర్ర బుల్లెట్ రైల్లో ఉత్తరానికొచ్చాను, దారంతా వరిచేలే. అకితా అంతర్జాతీయ యూనివర్సిటీ పెట్టింది 2004లో. పాఠాలన్నీ ఇంగ్లిషులోనే. ఒక ఏడాది పరదేశంలో చదివి రానిదే డిగ్రీ రాదు. దేవదారు కలపతో అర్ధచంద్రాకారంలో కట్టిన లైబ్రరీ 365 రోజులూ, 24 గంటలూ తెరిచే ఉంటుంది. చూస్తే ముచ్చటేసింది. కానీ ఇది చిన్న యూనివర్సిటీ, ఏరి కోరి వచ్చిన పిల్లలు. టోక్యోలో రాత్రి డ్యూటీ చేసే కుర్రాడికి దీన్ని ఆదర్శంగా చూపిస్తే అన్యాయం.

క్యోటో, జూన్ 19

నాన్నగారూ, చూసినవాటిలో దీనికే నా ఓటు. 2007లో క్యోటో యూనివర్సిటీలో తనిగుచి తదహిరో అనే ఆయన "బిబ్లియోబాటిల్" అనే పుస్తకాల పోటీ కనిపెట్టాడు. నచ్చిన పుస్తకం పట్టుకొచ్చి ఐదు నిమిషాలు మాట్లాడాలి, వీలైనంతవరకు కాగితం చూసి చదవకూడదు. తర్వాత రెండు మూడు నిమిషాలు ప్రశ్నలు. అందరూ అయ్యాక, ఏ పుస్తకం అన్నిటికన్నా చదవాలనిపించిందో ఓటేస్తారు. ఇప్పుడు దీన్ని భాషా తరగతుల్లోనూ వాడుతున్నారు.

నేను చూసిన ఇంగ్లిషు క్లాసులో ఒకబ్బాయి ఇటుకంత లావు రైల్వే టైమ్‌టేబులు తెచ్చాడు! ఉత్తరాన చివరి స్టేషను వక్కనాయ్‌లో బయల్దేరి దక్షిణాన క్యూషూ కొసదాకా ఎలా పోవచ్చో పేజీలు తిప్పుతూ చెప్పాడు. క్రియాపదాలన్నీ వర్తమానంలోనే, ఏకవచనం బహువచనం పట్టింపు లేదు. ఒకమ్మాయి "రాత్రి ఎక్కడ ఆగాలి?" అని ఇంగ్లిషులోనే అడిగింది. అతను పేజీ తీసి చూపించాడు. అంతే, వరసగా ప్రశ్నలు. టీచరు తప్పులన్నీ నోట్సులో రాసుకుని, ఓట్లయ్యాకే బోర్డు మీద పెట్టింది, ఎవరివో చెప్పకుండా. టైమ్‌టేబులే గెలిచింది.

ఇక్కడ ఓటు పుస్తకానికి, మనిషికి కాదు. ఓడినా పరువు పోదు. అందుకే నోళ్ళు విచ్చుకున్నాయని నా అభిప్రాయం. ఒకమ్మాయి మాత్రం గడియారం పట్టుకుని టైము చూసిందే తప్ప ఒక్క మాటా ఆడలేదు. ఆ పని టీచరే అప్పజెప్పింది, ఈ వారానికి అది చాలంది. అదీ సబబే. అందరి చేతా ఒక్కసారే అరిపించడాన్ని యాక్టివ్ లెర్నింగ్ అనుకునే వాళ్ళనూ ఇక్కడ చూశాను, ఆ గదుల్లో గోల తప్ప మాట లేదు.

ఈ ఉత్తరాలు వదినకి చూపించండి. తను పాఠాలు చెప్పే కాలేజీ ఈపాటికి తెరిచే ఉంటారు. టోక్యోలో చూసిన నాలుగు, మూడు, రెండు నిమిషాల పద్ధతికి బల్లలు జరపక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, అరవై మందున్నా కుదురుతుంది. ఈ నెల్లోనే ఓసారి చేయించి, ఏమైందో నాకు రాయమనండి. పుస్తకాల పోటీ మాత్రం చిన్న గుంపులుగా పెట్టుకోమనండి, గంటలో ఐదారుగురికి మించి పట్టరు.

మీ అమ్మాయి