కథాక్రీడ నడుపు గృహిణులకు

కథ వినుట వేఱు. కథలో నొక పాత్రయై, చేయవలసినదానిని తానే నిశ్చయించుకొనుట వేఱు. ఈ రెండవదానికొక యాట గలదు. అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు కల్పించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అచ్చయ్యెను. బల్లచుట్టు నలుగురైదుగురు కూర్చుందురు. ఒకరు లోకమును, అందలి జనమును వర్ణించుచు ఆట నడుపుదురు. తక్కినవారు తలకొక పాత్ర ధరించి, తామేమి చేయుదురో చెప్పుదురు. ఫలితము సందిగ్ధమైనచో 20 ముఖముల పాచిక వేయుదురు. ఒకే కథ నెలల తరబడి సాగినచో దానిని క్యాంపెయిన్ అందురు. ముఖ్యనియమములు ఇంటర్నెట్టులో ఉచితముగా లభించును.

మా యింట ఆదివారము మధ్యాహ్నములందు మేమీ యాట నడుపుచున్నాము. మా వారు బడిపంతులగుటచే లెక్కలు వారివి, కథ మాది. అనుభవమున తోచిన నాలుగు మాటలు సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఆరంభమునకు ముందొకనాడు అందఱును కూర్చుండి మాటాడుకొనవలెను. కథ వీరమా, హాస్యమా? ఏ విషయము ఎవరి మనస్సును నొప్పించును? బిడ్డను పోగొట్టుకొన్న తల్లి బల్లయొద్ద నుండగా శిశుమరణపు ఘట్టమేల? అట్టివానిని ముందే విడిచిపెట్టవలెను.

పురాణము చెప్పువారికి కథాంతము ముందే తెలియును. ఆట నడుపువారు అంతమును నిర్ణయించి పెట్టుకొనరాదు. పరిస్థితిని మాత్రమే సిద్ధపఱచుకొనవలెను. ఊరిచెఱువు ఎండినది, ఎగువను దొంగలు నీటికి అడ్డుకట్ట వేసినారు, వారి నాయకుని కొడుకు రోగపీడితుడు. ఎవరికేమి కావలెనో, ఎవరును అడ్డుపడనిచో ఏమి జరుగునో తెలిసిన చాలును. తెలియక తీరని రహస్యమునకు మూడు దారులైన నుంచవలెను. ఒకటి తప్పినను మఱొకటి దొరకును.

ఇక పాచిక. భారతమున ద్యూతము రాజ్యమునే హరించినది. ఈ పాచికకు పణము లేదు. అయినను ప్రతి చిన్నపనికి వేయింపరాదు. గెలుపోటములు రెండును కథను నడుపునప్పుడే వేయింపవలెను. ఒక్కొక్క ముఖము పడుటకు నూటికి 5 పాళ్లు అవకాశము. 11 గాని అంతకు మించి గాని కావలెనన్నచో అవకాశము సగము. ఓడినంతమాత్రాన త్రోవ మూసివేయరాదు. తాళము ఊడినది, కాని కావలివాడు మేల్కొనెను అనవచ్చును.

అన్నిటికంటె ముఖ్యము, మాటకారులకే ఆటను విడువకుండుట. మా పెద్దతోడికోడలి కోడలు కొత్తగా వచ్చినది. కూర యేమి వండవలెనని గూడ ఇంట నామె నడుగువారు లేరు. మూడు వారములు “అందఱితోబాటే” అనుటయే గాని వేఱొక మాట లేదు. చెఱువు ఘట్టమున పిల్లలు కత్తులు దూయుచుండగా, “అమ్మాయీ, నీవేమి చేయుదువు?” అని అడిగి ఊరకుంటిమి. అత్తగారు బదులు చెప్పబోగా, “అక్కయ్యగారూ, ఈ మాట ఆమెనే చెప్పనిండు” అంటిమి. కొంత తడవునకు, “ఆ పిల్లవానిని చూతును. నా పాత్రకు వైద్యము తెలియును గదా” అనెను. యుద్ధమునకై మేము వ్రాసికొన్న కాగితములు ప్రక్కకు పోయినవి. పాచిక వేయగా 14 పడినది. బిడ్డ కోలుకొనెను, నీరు దిగువకు వచ్చెను.

పై నెలలో ఆ యమ్మాయి, పెండ్లితో ఆగిన డిగ్రీ పరీక్షకు కట్టుదునని భోజనములవేళ తానే పలికెను. అక్కయ్యగారు కొంతసేపు ఆలోచించి, “రుసు మెంత?” అని అడిగిరి. ఇది ఆట వలననే జరిగినదని మేమనము. అడిగినచో ఆ పిల్ల ఆలోచించి చెప్పగలదని మాత్రము ఇంటివారందఱును అప్పటికే చూచియుండిరి.

కావున ఆట నడుపబోవు సోదరీమణులారా, బల్లయొద్ద మౌనముగా నున్నవారెవరో ముందు గుర్తించుడు. పేరుపెట్టి అడుగుడు, బదులు వచ్చుదాక ఓపిక పట్టుడు. వచ్చిన బదులు మీ కథను తలక్రిందులు చేసినను సంతోషముతో దానివెంట నడువుడు.