మా ఇంటి చరిత్ర

నేను కాలేజీలో తెలుగు చెప్పుకొని బ్రతికేవాణ్ణి. చరిత్ర నా సబ్జెక్టు కాదు. అయినా ఈ మధ్య మా ఇంట్లో చరిత్ర మీద పెద్ద రగడే జరిగింది.

మా నలుగురికీ కలిపి ఒకటే లాప్‌టాప్. దానిలో ఎవరు ఏ పేజీ తెరిచినా, ఎన్ని గంటలకు తెరిచారో సహా, హిస్టరీ అనే చిట్టాలో పడి ఉంటుంది. అబ్బాయి ఇంటర్‌లో చేరినప్పటినుంచీ ఆ చిట్టా తిరగేయడం నాకు అలవాటైంది. తండ్రి బాధ్యత అని నాకు నేనే చెప్పుకొన్నాను. ఒకరి ఉత్తరం విప్పి చదవడానికీ దీనికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

పోయిన వేసవిలో ఒక ఉదయం అలాగే తిరగేస్తున్నాను. అబ్బాయి చూసుకొన్న క్రికెట్ స్కోర్ల మధ్య, రాత్రి రెండుంబావుకు అడిగిన ప్రశ్న ఒకటి కనిపించింది: "రొమ్ములో గడ్డ, నొప్పి లేకపోతే?" అంతకు ముందు రాత్రీ అదే. దాని ముందు రాత్రీ అదే. అలా మూడు వారాలు వెనక్కి వెళ్ళాను. ఆ మూడు వారాలూ మా ఆవిడ వేళకు కాఫీ ఇచ్చింది, ఆవకాయ కలిపింది, నా చొక్కాకు గుండీ కుట్టింది. (ఇదంతా ఆవిడ అనుమతితోనే వ్రాస్తున్నాను లెండి.)

ఆ మధ్యాహ్నమే డాక్టరు దగ్గరకు తీసికొని వెళ్ళాను. సూదితో తీసిన పరీక్ష ఫలితం రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల సంగతి వ్రాయడం నావల్ల కాదు. భగవంతుడి దయవల్ల ప్రమాదం లేని గడ్డేనన్నారు.

నాకెలా తెలిసిందో విన్నాక, లా చదువుతున్న మా అమ్మాయి ఊరుకోలేదు. బ్రౌజరుకు ఒక ఎక్స్‌టెన్షన్ తగిలించింది. బ్రౌజరు మూయగానే అది ఆ చిట్టానూ, మనల్ని ఆనవాలు పట్టడానికి సైట్లు వదిలివెళ్ళే కుకీలనూ ఊడ్చిపారేస్తుందట. "2017లో సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కమాటగా గోప్యత ప్రాథమిక హక్కన్నారు నాన్నగారూ! అమ్మకు మాత్రం వద్దా?" అంది.

నేనూ తగ్గలేదు. రెండు రోజులు చదివి మరీ వాదానికి దిగాను. అది ఊడ్చేది మన గది ఒక్కటే. మనం వెళ్ళిన సైటువాడి లెక్కల్లో మన అడుగులు అలాగే ఉంటాయి. ఇన్‌కాగ్నిటో అని అజ్ఞాతవాసపు పేరు పెట్టిన కిటికీ సంగతీ అంతే. దానిమీద 2020లో అమెరికాలో గూగుల్‌పై దావా పడితే, 2024లో రాజీకి వచ్చి వందలకోట్ల రికార్డులు చెరిపేస్తామని ఒప్పుకొన్నారు. పైగా ఇలాంటి ఎక్స్‌టెన్షన్లు మన చిట్టాను చూసే అనుమతి అడుగుతుంటాయి. ఇల్లు ఊడ్చడానికి వచ్చినవాడు బీరువా తాళాలు అడిగినట్లు! వాడెవడో, ఏ ఊరివాడో విచారించుకోవద్దూ?

"అంటే బయటివాళ్ళకు తెలియవచ్చు, ఇంట్లోవాళ్ళకే తెలియకూడదు. ఇదేం గుట్టమ్మా? ఆ రోజు ఇది ఉండి ఉంటే మీ అమ్మ సంగతి నాకు తెలిసేదేనా?" అన్నాను, గెలిచిన ధీమాతో.

అమ్మాయి తడుముకొంది. జవాబు వంటింట్లోనుంచి వచ్చింది.

"మూడు వారాలపాటు రాత్రి రెండింటికి నేను పక్కమీద లేనండీ. ఒక్కనాడు లేచి, ఏమిటే అని అడిగినా తెలిసేది."

ఎక్స్‌టెన్షన్ అలాగే ఉండిపోయింది.

మొన్న రాత్రి మెలకువ వచ్చి చూస్తే పక్కన మా ఆవిడ లేదు. హాల్లో లాప్‌టాప్ వెలుగు కనిపించింది. లేచి వెళ్ళాను.

"ఏం చూస్తున్నావు?"

"ఏం లేదులెండి, పడుకోండి."

కుర్చీ లాక్కొని పక్కన కూర్చున్నాను.