ముడి యూడుటకు కారణము

గోదావరికి దక్షిణమున నున్నది మా ఇబ్రహీంపట్నము. 2016 అక్టోబరు వఱకు కరీంనగరము జిల్లాలోనిది; నేడు జగిత్యాల జిల్లాలోనిది. పసుపు, మొక్కజొన్న, వరి పండు నేల. చేనికి బోవు పెద్దలకు చెప్పులే చాలును. బడికి బోవు పిల్లలకు మాత్రము బూట్లు వచ్చినవి. ఉదయము ప్రార్థనకు వరుసదీరినపుడు చూడుడు, కొందఱి లేసులు నేల నీడ్చుచుండును. పిల్లకు మందలింపు, తల్లికి మాట. కాలిక్రింద లేసు పడి బోర్లపడినచో మోకాళ్లకు గాయము సరేసరి. గట్టిగా బిగింపకపోవుటయే లోపమని యందఱును తలతురు. నాకు మాత్రమట్లు తోచదు.

2017లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పండితులు పరుగిడువారి బూట్లను చిత్రించి పరీక్షించిరి. పాదము నేలను దాకినపుడు భూమ్యాకర్షణమునకు ఏడు రెట్ల విసురు తగిలి ముడి సాగి వదులగును. అంతలో కాలు ముందునకు సాగగా, వ్రేలాడు కొనలు ఊగి లేసును లాగును. కూర్చుండి కాళ్లూపినను ముడి యూడలేదు. నిలిచినచోటనే పాదము తట్టినను ఊడలేదు. రెండును గూడినపుడే యూడినది! ముడి స్వభావమును బట్టియు ఊడుట త్వరపడును.

మంచిముడిని గుర్తించుట సులభము. ముడి చెవులు బూటునకు అడ్డముగా నిలిచిన నది మంచిది. మడమనుండి వ్రేళ్లవైపునకు నిలువుగా దిరిగిన నది జారునట్టిది. అట్లు దిరిగినచో మొదటి మెలికను మాత్రము మార్చుడు: కుడికొనను ఎడమకొనపైగా వేయుచున్నవారు ఇకమీదట క్రిందుగా వేయవలెను. చెవులను అలవాటైనట్లే వేయవచ్చును.

ముడి విలువ నెఱుగగోరువారు సిరిసిల్లకు బోవలెను. మెట్‌పల్లి, కోరుట్ల దాటి, కథలాపురము మీదుగా వేములవాడ చేరుదుము. అచట రాజరాజేశ్వరునికి మ్రొక్కుకొన్నవారు కోడెను ద్రిప్పి కట్టివేయుదురు. ఆపైని సిరిసిల్ల, వీధి మొదటనే సాంచాల చప్పుడు వినవచ్చును. పడుగుపోగు తెగినచో నేతవారు క్షణములో ముడివేయుదురు. ఆ ముడి పన్నె సందులలో దూరునంత చిన్నదిగా నుండవలెను, విడనూ రాదు. పోగు తెగుటకు రాపిడియే ముఖ్యకారణము. అందుకే నూలు పడుగునకు గంజి పెట్టుదురు.

లేసునకును అదే బాధ. రంధ్రముల యంచులకు నిత్యము ఒకేచోట రాచుకొనును. దుమ్ము రేణువులు అల్లికలో జేరి లోలోపల కోయును. కావున అప్పుడప్పుడు లేసులనూడదీసి ఉదుకుడు. కొన తొడుగు పోయినచో అల్లిక విడిపోవును. నైలాను లేసైనచో కొనను దీపపు సెగకు దగ్గరగా బట్టి కరగించిన నతుకుకొనును. నూలు లేసునకు సెగ పనికిరాదు. మైనము పూసి సన్నదారముతో బిగియ జుట్టవలెను.