రెండు మాటలకు ఇరవై ఎనిమిది వేలు

నా జీతం స్లిప్పులో ఈఎస్ఐ కింద నెలకు 144 రూపాయలు పోయేవి. 19,200 మీద 0.75 శాతం. కంపెనీ తన వంతుగా 3.25 శాతం కట్టేది. ఆ డబ్బు జ్వరాలకీ కాన్పులకీ మాత్రమేననుకుంటూ ఆరేళ్లు గడిపేశాను.

జీడిమెట్లలో ఓ మందుల కంపెనీ, ప్యాకింగ్ సెక్షన్. 2022 జనవరిలో మా లైను ఎత్తేసి బద్దీ యూనిట్‌కి తరలిస్తున్నామన్నారు. బద్దీ హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. పదిహేను రోజుల్లో చేరాలి, జీతం మాత్రం అంతే. ఆ రాత్రి నేనూ మా ఆయనా పిల్లల నోటుబుక్కు వెనకపేజీలో లెక్క వేశాం. ఆయన ఆటో హైదరాబాద్ పర్మిట్‌ది, ఇంకా 22 వాయిదాలున్నాయి. నేనొక్కదాన్నే వెళ్తే అక్కడ గది అద్దె, ఇక్కడ ఇంటి అద్దె, రెండు పొయ్యిలు. నెలకు మిగిలేది ఏడెనిమిది వందలు. అదీ పిల్లల్ని చూడ్డానికి ఒక్కసారీ రాకుండా ఉంటే! వెళ్లకపోవడం తప్పని ఇప్పటికీ అనుకోను.

తప్పు మర్నాడు చేశాను. హెచ్‌ఆర్ సారు తెల్లకాగితం నా ముందుకు తోసి, "రాజీనామా రాసివ్వమ్మా, వారంలో ఫుల్ అండ్ ఫైనల్ చేసేస్తాం" అన్నారు. కారణం ఏం రాయాలని అడిగింది నేనే. "వ్యక్తిగత కారణాలు అని రాయి, అందరూ అదే రాస్తారు." రాశాను, ఆయన పెన్నుతోనే.

డబ్బు వారంలోనే వచ్చింది, ఉన్నమాట చెప్పాలి. గ్రాట్యుటీ 39,808: బేసిక్ 11,500ని 26తో భాగించి, 15తోనూ ఆరేళ్లతోనూ హెచ్చవేస్తే వచ్చేది. ఐదేళ్లు నిండితే రాజీనామా చేసినా అది ఆగదు. నెల ఖాళీగా ఉన్నాక పీఎఫ్‌లో 75 శాతం తీసి స్కూలు ఫీజులు కట్టాం.

మా వీధిలో యూనియన్‌లో తిరిగే అన్న ఒకాయన అప్పుడడిగాడు, "అటల్ బీమిత్‌కి పెట్టుకున్నావా?" అని. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఈఎస్ఐ కిందే 2018లో వచ్చింది. రెండేళ్లు బీమాలో ఉండి, చందా కట్టిన రోజుల లెక్క సరిపోతే, పని పోయినవాళ్లకు సగటు రోజు సంపాదనలో కొంత, 90 రోజుల వరకు ఇస్తారు. మొదట పావు వంతే ఇచ్చేవారు, 2020లో సగం చేశారు. నాకైతే రోజుకు 320 చొప్పున 28,800 దాకా వచ్చేవి. కాగితాలన్నీ కవర్లో పెట్టుకుని బ్రాంచి ఆఫీసుకి పరుగెత్తాను. గుమాస్తా ఓపిగ్గా చదివాడు. పదవీ విరమణ చేసినవాళ్లకీ, దుష్ప్రవర్తనకు శిక్షగా తీసేసినవాళ్లకీ, తమంతట తాము వదిలేసినవాళ్లకీ ఇది వర్తించదట. ఆయన వేలు నా రాజీనామా కాపీలో 'వ్యక్తిగత కారణాలు' దగ్గర ఆగింది. "మీరే రాసిచ్చారు కదమ్మా."

మరేం రాయాల్సింది? లైను మీరే ఎత్తేశారు, బద్దీకి రాలేను, ఇక్కడే పని చూపండి, లేదంటే రిట్రెంచ్ చేయండి, అంటే పరిహారమిచ్చి తొలగించండి అని. రాసి, అందినట్టు ముద్ర వేయించుకోవాల్సింది. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం రిట్రెంచ్‌మెంట్‌కి నెల నోటీసు, సర్వీసులో ఏడాదికి 15 రోజుల వేతనం ఇవ్వాలి. నా ఆరేళ్లకు మూడు నెలల జీతం. కంపెనీ వెంటనే తలూపేదని కాదు. దేశంలో ఎక్కడికైనా బదిలీ చేయవచ్చని నా నియామక పత్రంలోనే ఉంది. ఇంటికి తెచ్చాక దాన్ని ఒక్కసారీ తెరిచి చూసిందాన్ని కాను. ఉత్తర్వు ధిక్కరించానని విచారణ పెట్టి తీసేస్తే అప్పుడూ పథకం దక్కదు. అయినా బేరానికి నా చేతిలో ఒక కాగితమైనా ఉండేది. రాజీనామాతో అదీ లేకుండా పోయింది.

మే నెలలో బాలానగర్‌లో చిన్న యూనిట్లో చేరాను. 16,500 జీతం, ఈఎస్ఐ 124. ఇక్కడి నియామక పత్రంలోనూ బదిలీ షరతు ఉంది. చదివే సంతకం పెట్టాను.