బల్లా ఉంది, బల్ల ఉంది... ఆడేవాళ్ళేరీ?

ఉర్దూలో బల్లా అంటే బ్యాట్. తెలుగులో బల్ల అంటే టేబుల్. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసిన నాలాంటి దానికి ఇలాంటి మాటలతో జిందగీ అంతా చిన్న చిన్న తిప్పలే. కాలేజీలో చేరిన మొదటి వారం లెక్చరర్ గారు "పుస్తకం బల్ల మీద పెట్టమ్మా" అంటే, క్లాసులోకి బ్యాట్ ఎందుకొచ్చిందా అని ఒక్క క్షణం చుట్టూ చూశాను. ఆ రోజు నవ్విన దోస్తులు ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడు ఆ మాట గుర్తు చేస్తారు.

నలభై దాటాక ఆ రెండు బల్లలూ ఒకేసారి నా జిందగీలోకి వచ్చాయి.

2024 రంజాన్‌కి ముందు రిసాలా బజార్‌లోని మా అమ్మీ ఇంటికి సున్నాలు వేయించాం. సామాన్లు జరుపుతుంటే అబ్బాజాన్ సందూఖ్ బయటికొచ్చింది. ఆయన ఇంతెఖాల్ అయి నాలుగేళ్ళు. పాత షేర్వానీ కింద, లుంగీ ముక్కలో చుట్టి ఒక టేబుల్ టెన్నిస్ బ్యాట్, ఒక డబ్బీలో రెండు బంతులు. బంతులు పసుపు రంగుకి తిరిగిపోయాయి. బ్యాట్ పట్టుకోగానే పిడి దగ్గర, ఆయన బొటనవేలు ఆనే చోట, చిన్న గుంట నా వేలికి తగిలింది.

అబ్బాజాన్ మిలిటరీ దఫ్తర్‌లో క్లర్కు. దఫ్తర్ వెనక హాల్లో ఒక టేబుల్ ఉండేది. సాయంత్రం అక్కడ ఆడి, మగ్‌రిబ్‌కి ఇంటికొచ్చేవారు. సెలవు రోజు ఇంట్లో తఖ్త్ మీద పుస్తకాలు వరసగా నిలబెట్టి, అదే నెట్ అనుకొని నాకూ తమ్ముడికీ నేర్పించేవారు. మా ఇద్దర్లో బాగా ఆడింది నేనే. ఇది నా గొప్ప కాదు, ఇప్పటికీ తమ్ముడే ఒప్పుకుంటాడు. దఫ్తర్ హాలుకి కూడా మమ్మల్ని తీసుకెళ్ళేవారు. నాకు పన్నెండు నిండాక ఒక సాయంత్రం నేను చెప్పులు వేసుకుంటుంటే తలుపు దగ్గర ఆగి, "బేటా, అబ్ తూ బడీ హోగయీ" అన్నారు. కోపంగా కాదు, చాలా ప్యార్‌గా అన్నారు. తమ్ముడు ఒక్కడే వెళ్ళాడు. ఆ తర్వాత నేను బ్యాట్ పట్టలేదు.

ఆ సందూఖ్ తెరిచిన నెలలోనే డాక్టర్ నా రిపోర్టు చూసి షుగర్ గీత దగ్గరే ఉందన్నారు. పత్రికలో నైట్ డెస్కు పని, వేళాపాళా లేని తిండి. "రోజూ నడవండి" అన్నారు. బొల్లారంలో నడిచేవాళ్ళకి చెట్ల నీడకేం కొదవ లేదు. రాష్ట్రపతి నిలయం గోడ వైపు పదకొండు రోజులు నడిచాను. పన్నెండో రోజు విసుగొచ్చింది. ఎదురుగా ఎవరో ఒకరు బంతి తిరిగి కొట్టకపోతే నాకు కాళ్ళు కదలవని అప్పుడు అర్థమైంది.

బ్యాట్ తీసుకొని సికింద్రాబాద్ రాష్ట్రపతి రోడ్డులో ఒక షాపుకి వెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "మేడం, ఇది షోకేసులో పెట్టుకోండి" అన్నాడు. రబ్బరు గాజులా గట్టిపడి జారిపోతోంది, బంతిని పట్టడం లేదు. పైగా రెండు వైపులా ఒకే మెరూన్ రంగు. ఒకప్పుడు అలాగే ఉండేవట. కొందరు రెండు వైపులా రెండు రకాల రబ్బరు అతికించి, ఆటలో బ్యాట్ తిప్పేస్తుంటే ఎదుటివాడికి ఏ వైపుతో కొట్టారో తెలిసేది కాదు. ఆ ధోకా ఆపడానికే 1980లలో రెండు వైపులా రెండు రంగులుండాలని రూల్ తెచ్చారు. ఇప్పుడు ఒక వైపు నలుపు తప్పనిసరి. రెండో వైపు చాలాకాలం ఎరుపే, 2021 నుంచి నీలం, ఆకుపచ్చ, గులాబీ లాంటివి కూడా ఒప్పుకుంటున్నారు. అంటే అబ్బాజాన్ బ్యాట్ ఆ రూల్ కంటే పాతది.

కుర్రాడు కార్బన్ పొర ఉన్న చెక్క చూపించాడు, దాని మీద మందమైన స్పాంజి. "ప్రొఫెషనల్స్ వాడేది" అన్నాడు. ఆ ఒక్క మాటకి పడిపోయాను. నా ఆరు వేలు పోయాయి. ఇంటికొచ్చి కొడితే బంతి టేబుల్ మీద కాదు, ఎదుటి గోడ మీద పడుతోంది.

ఆ ఆరు వేలు మీరెవరూ పోగొట్టుకోకూడదని, తర్వాత నేర్చుకున్నది చెబుతున్నాను. బ్యాట్ అంటే చెక్క, దాని మీద రెండు రబ్బర్లు. రబ్బరు కింద స్పాంజి ఉంటుంది. స్పాంజి ఎంత మందమైతే బంతి అంత వేగంగా పోతుంది. రబ్బరు, స్పాంజి, జిగురు కలిపి నాలుగు మిల్లీమీటర్లు దాటకూడదని రూల్. చెయ్యి కుదరని వాళ్ళకి వేగం దుష్మన్. మామూలు ఐదు పొరల చెక్క, ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల లోపు స్పాంజి చాలు. అది కూడా ఎక్కువనుకుంటే మంచి కంపెనీ రెడీమేడ్ బ్యాట్ వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. పిల్లలకి అదే మేలు. కొనేముందు పిడి పట్టుకొని చూడండి, చివర వెడల్పయ్యేది ఒక రకం, తిన్నగా ఉండేది ఒక రకం. మీ చేతికి ఏది హాయిగా ఉంటే అదే మీది. ఆడిన తర్వాత తడి స్పాంజితో తుడిచి కవర్లో పెట్టండి. దుమ్ము పడితే ఎంత ఖరీదైన రబ్బరైనా జారుడుబండే.

సరే, బల్లా వచ్చింది. బల్ల కూడా ఉంది. మా అపార్ట్‌మెంట్ కింద హాల్లో మూల ఒక టేబుల్. ఎవరింట్లో దావత్ అయినా బిర్యానీ దేగ్‌లు దించేది దాని మీదే. ఒక అంచు నీళ్ళకి ఉబ్బి, బంతి అక్కడ పడితే చచ్చిపోతుంది. నెట్ నడుం వాల్చింది. నా బిడ్డ స్కేలు తెచ్చి కొలిచి, పదిహేను సెంటీమీటర్ల పావు ఎత్తుకి బిగించి కట్టింది. బాకీ ఉన్నది ఆడే మనిషి.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను: "సాయంత్రం టేబుల్ టెన్నిస్ ఆడేవాళ్ళు ఎవరైనా?" పద్నాలుగు బొటనవేళ్ళు వచ్చాయి. మనిషి ఒక్కరూ రాలేదు. మగపిల్లలు ఆడుతున్న వేళకి వెళితే "ఆంటీ, మీరు ఆడండి" అని అదబ్‌గా పక్కకి జరిగి, గోడకి ఆనుకొని నేనెప్పుడు పోతానా అని చూశారు. కింది ఫ్లోర్ రిటైర్డ్ సుబేదార్ అంకుల్ ఫజర్ తర్వాత ఆడతారు. మంచి మనిషి, మంచి ఆట. రెండు రోజులు వెళ్ళాను. దుపట్టా సర్దుకోవడంతోనే సరిపోయింది. మూడో రోజు మా అత్తమ్మ చాయ్ పోస్తూ "ఔరతాఁ కూదే తో లోగాఁ క్యా బోల్తే?" అంది. జవాబు చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఆ సవాల్ నా లోపల కూడా ఉంది. ఇరవై ఏళ్ళుగా పత్రికలో ఆడవాళ్ళ హక్కుల మీద హెడ్డింగులు పెడుతున్న నేను, ఒక ప్లాస్టిక్ బంతి వెనక పరిగెత్తడానికి షర్మ్ పడ్డాను.

కోచింగ్ సెంటర్లకి ఫోన్ చేశాను. "పాప వయసెంత మేడం?" అన్నారు. నాకే అన్నాక, అవతల కొంచెం సేపు ఖామోష్. తర్వాత టేబుల్‌లో సగం నిలువుగా ఎత్తి ఒక్కదాన్నే ఆడాను. నిలబెట్టిన సగం బంతిని తిరిగి పంపిస్తుంది. అలవాటు కావడానికి మంచి తరీఖా. కానీ అది తప్పు చెయ్యదు, నవ్వదు, "అరె, బచ్ గయీ" అనదు.

ఒక సాయంత్రం నేనలా గోడతో ఆడుతుంటే వెనక నుంచి "ఎల్బో కిందికి, డియర్" అని వినిపించింది. మూడో ఫ్లోర్ ఆంగ్లో ఇండియన్ ఆంటీ. ప్రతి ఆదివారం హోలీ ట్రినిటీ చర్చికి పోతుంది, 1847 నాటి ఆ చర్చికి. వయసు డెబ్బైకి దగ్గర. వాళ్ళాయన రైల్వే. రైల్వే ఇన్‌స్టిట్యూట్లో ఆడిందట. పైకి వెళ్ళి తన బ్యాట్ తెచ్చింది. స్పాంజి లేదు, బయటికి పొడుచుకొచ్చిన సన్నటి బొడిపెల రబ్బరు మాత్రమే. టక్, టక్ అని చప్పుడు. ఒకప్పుడు లోకమంతా ఆ చప్పుడుతోనే ఆడింది. 1952లో బొంబాయిలో జరిగిన వరల్డ్ చాంపియన్‌షిప్‌కి జపాన్ నుంచి హిరోజీ సాతో అనే ఆయన స్పాంజి బ్యాట్ తెచ్చాడు. చప్పుడు లేని బ్యాట్. ఎదుటివాళ్ళకి బంతి ఎంత గట్టిగా వస్తోందో చెవికి అందక తికమకపడ్డారు. టైటిల్ ఆయనే గెలుచుకుపోయాడు. ఆట మారిపోయింది. ఆంటీ మాత్రం మారలేదు. నా ఆరు వేల కార్బన్‌ని ఆ టక్ టక్ బ్యాట్‌తో 11-3, 11-4 కొట్టింది.

"రేపు ఐదింటికి" అంది వెళ్తూ. అడగలేదు, హుకుం వేసింది. మనిషి దొరికే రహస్యం అదే. గ్రూపులో అందరినీ అడిగితే ఎవరూ రారు. ఒక మనిషిని ఎదురుగా పట్టుకొని, ఒక వేళ చెబితే వస్తారు. ఆ మరుసటి వారం లిఫ్టులో నేను ఇద్దరిని అలాగే పట్టుకున్నాను. ఒకరు గవర్నమెంటు స్కూల్లో తెలుగు టీచరక్క, ఇంకొకరు కేరళ నుంచి వచ్చిన ఫౌజీ భార్య. అసర్‌కీ మగ్‌రిబ్‌కీ మధ్య గంట మాది. తర్వాత నా ఆఫీసు క్యాబ్ వస్తుంది. మునుపు గేమ్‌కి ఇరవై ఒక్క పాయింట్లుండేవి, 2001 నుంచి పదకొండు చేశారు. నలుగురు ఒకే టేబుల్ మీద ఆడటానికి అది రహమత్. ఓడినవాళ్ళు పక్కకి, రెండో జోడీ లోపలికి. ఎవరికీ వేచి చూసే తకలీఫ్ ఉండదు.

ఆ జూలై 31 రాత్రి డెస్కులో ఉన్నాను. పారిస్ ఒలింపిక్స్ సింగిల్స్‌లో మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ చివరి పదహారు మందిలోకి చేరింది. అది ఆమె పుట్టినరోజు కూడా. హెడ్డింగ్ పెట్టి, పక్కన వేయడానికి హైదరాబాద్ పాత ఆటగాళ్ళ సమాచారం వెతికాను. 1969లో అర్జున అవార్డు అందుకున్న మీర్ ఖాసిం అలీ పేరు నాకు ముందే తెలుసు. అబ్బాజాన్ "అప్నే హైదరాబాద్ కా" అని ఛాతీ విరుచుకొని చెప్పేవారు. ఆ రాత్రి ఇంకో పేరు దొరికింది. సయీద్ సుల్తానా. హైదరాబాద్‌లో పుట్టి, పదమూడేళ్ళ వయసులో, 1949లో, దేశం చాంపియన్ అయిన అమ్మాయి. 1954 దాకా వరసగా ఆరేళ్ళు ఆమెదే టైటిల్. తర్వాత పాకిస్తాన్ వెళ్ళి అక్కడా చాంపియన్ అయింది. ఈ పేరు అబ్బాజాన్ నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకి తెలియదో, చెప్పాలనుకోలేదో, ఇక అడిగే మౌఖా లేదు. పదమూడేళ్ళ అమ్మాయి. నన్ను తలుపు దగ్గర ఆపేసిన వయసుకి ఇంచుమించు అదే వయసు.

మరుసటి వారం అబ్బాజాన్ బ్యాట్ తీసుకొని ఇంకో షాపుకి వెళ్ళాను. అక్కడి ముసలాయన చెక్కని వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకొని, "లక్డీ జిందా హై, బేటా" అన్నారు. పాత రబ్బరు మెల్లగా ఊడదీసి, చెక్క మీద నీళ్ళ జిగురు రాసి, ఆరనిచ్చి, ఒక వైపు నలుపు, ఒక వైపు ఎరుపు అతికించి, అంచులు కత్తిరించి ఇచ్చారు. రబ్బరు ఒక కాలం దాకానే. చెక్క తడి తగలకుండా చూసుకుంటే తరాలు ఉంటుందన్నారు. పిడి దగ్గర గుంట అలాగే ఉంది. కార్బన్ బ్యాట్‌ని సుబేదార్ అంకుల్ మనవడికి సగం ధరకి ఇచ్చేశాను.

అబ్బాజాన్ పాత బంతులు మాత్రం డబ్బీలోనే ఉన్నాయి. అవి 38 మిల్లీమీటర్లవి. 2000లో బంతిని 40కి పెంచారు, 2014 నుంచి సెల్యులాయిడ్ తీసేసి ప్లాస్టిక్ తెచ్చారు. ఈ రెండూ పక్కపక్కన పెడితే పాతది నేరేడు పండులా చిన్నగా కనిపిస్తుంది. మూత తీస్తే కర్పూరం లాంటి వాసన. నా బిడ్డ అప్పుడప్పుడు మూత తీసి వాసన చూస్తుంది.

ఆ బిడ్డ ఇప్పుడు మా నలుగురినీ ఓడిస్తుంది. ఆంటీ టక్ టక్ కూడా దాని ముందు పనిచెయ్యడం లేదు. మొన్న నన్ను అడిగింది, "అమ్మీ, మీ సర్వీసులు నాకు తెలిసిపోయాయి. ఆరింటికి అన్నయ్యవాళ్ళు ఆడతారు కదా, వాళ్ళతో ఆడనా?"

అన్నం కలుపుతున్న నా చెయ్యి ఆగింది. పదమూడేళ్ళ బిడ్డ. అత్తమ్మ నా వైపే చూస్తోంది. అబ్బాజాన్ మాట, అదే ప్యార్‌తో, అదే గొంతుతో, నా నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆయన ఆ సాయంత్రం ఏం భయపడ్డారో ఇన్నేళ్ళకి నాకు తెలిసింది. ఆయన మీద ఉన్న శికాయత్ సగం అక్కడే కరిగింది. సగం ఇంకా ఉంది.

"పో" అన్నాను. "మగ్‌రిబ్ అజాన్‌కి ఇంట్లో ఉండాలి. మొదటి రోజు నేనూ కింద కూర్చుంటా."

అత్తమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి దస్తర్‌ఖాన్ మీద కూడా ఏమీ అనలేదు. ఆమె రాజీ కాలేదని నాకు తెలుసు. కానీ మరుసటి సాయంత్రం పిల్ల చెప్పులు వేసుకుంటుంటే, దుపట్టా అడ్డం రాకుండా వెనక ముడి వేసింది ఆమే.

కింద హాల్లో మగపిల్లలు మొదట మెల్లగా సర్వీస్ వేశారు, ఆడపిల్ల అని రియాయత్ ఇచ్చి. మొదటి గేమ్ 11-6 మా పిల్లది. రెండో గేమ్‌లో రియాయత్ ఆపేశారు. 11-7కి ఓడిపోయింది. మూడోది మొదలయ్యేలోగా అజాన్ వినిపించింది. నెట్ అవతల అబ్బాయి బంతి జేబులో వేసుకొని అన్నాడు:

"రేపు ఐదున్నరకి రా. మూడో గేమ్ బాకీ ఉంది."