చిన్న మార్పే!

మా చెల్లెలు ఇంట్లోనే కూర్చుని వెబ్‌సైట్లు తయారుచేసిపెడుతుంది. ఓ బట్టలకొట్టాయన "చిన్న మార్పేనమ్మా!" అంటూ పదకొండుసార్లు రంగులు మార్పించాడు. తీరా డబ్బడిగితే, "ఇంట్లో కూర్చుని చేసేదేగా!" అన్నాడట.

"పోనీలేవే, సర్దుకుపో" అన్నాను.

"నువ్వూ అదే మాటంటావా అక్కా?" అంది. చురుక్కుమంది. ప్రచురణకర్త నా మొదటి నవల డబ్బులు ఎగ్గొడితే నేనూ అలాగే సర్దుకున్నాను మరి!

ఇప్పుడది ఆరితేరింది. సగం డబ్బు ముందే. మార్పులు రెండుసార్లే, మూడోదానికి వేరే లెక్క. అన్నీ కాగితం మీదే. ఉద్యమ్‌లో పేరు కూడా నమోదు చేయించుకుంది. 2006 నాటి చట్టం ప్రకారం అలాంటి చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు డబ్బివ్వాలట; ఆలస్యమైతే వడ్డీ కూడా!

మొన్న మావారు మూడోసారి కాఫీ అడిగారు, "చిన్న పనేగా" అంటూ.

"మూడోదానికి వేరే లెక్కండీ!" అన్నాను.