భయం కాదు, ఆధారం

స్త్రీల అనుభవమే జ్ఞానానికి పునాది అని మనం ఎన్ని వ్యాసాల్లో రాసుకున్నామో లెక్కలేదు. ఆ మాటకి బయట ఎంత విలువ ఉందో నాకు కారు బ్రేకు దగ్గర తెలిసింది.

పదకొండేళ్లుగా నడుపుతున్న నా చిన్న కారు కిందటి వేసవిలో బ్రేకు వేసినప్పుడల్లా ఎడమవైపుకి లాగడం మొదలెట్టింది. మామూలుగా పోతున్నప్పుడు తిన్నగానే పోతుంది. పెడల్ మీద కాలు పెట్టగానే ఎవరో కొంగు పట్టుకు లాగినట్టు పక్కకి పోతుంది. మెకానిక్‌కి చెప్పాను. అతను షెడ్డు చుట్టూ ఒక రౌండు తిప్పి, "ఏం లేదు మేడమ్, రోడ్డు వాలు. మీరు భయపడుతున్నారంతే. ఓసారి సార్‌ని నడిపి చూడమనండి" అన్నాడు.

నేను చెప్పింది ఒక పరిశీలన. అతనికి వినిపించింది భయం. నోటికీ చెవికీ మధ్య ఈ మార్పు ఎక్కడ జరుగుతుంది? కడుపులో నొప్పి అని చెప్పుకుంటే "టెన్షన్ పడకండమ్మా" అన్న జవాబు వినని ఆడవాళ్లు మనలో ఎంతమంది ఉంటారు?

సార్‌ని పంపదలచుకోలేదు. నేనే పరీక్షించాలనుకున్నాను. అది ఆడవాళ్ల పని కాదనేవాళ్లకి బెర్తా బెంజ్‌ని గుర్తుచేయాలి. 1888 ఆగస్టులో ఆమె ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, భర్త కార్ల్ తయారుచేసిన మోటారు బండిలో జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వెళ్లింది. వంద కిలోమీటర్లకు పైగా దారి. దిగుడు దారుల్లో బ్రేకు చెక్కలు అరిగి పట్టు తప్పుతుంటే ఒక చర్మకారుడి చేత వాటికి తోలు కొట్టించింది. బ్రేకు లైనింగ్ కథ అక్కడినుంచే చెబుతారు. 1909లో ఇంగ్లండులో డొరతీ లెవిట్ 'ది ఉమన్ అండ్ ది కార్' అనే పుస్తకం రాస్తూ, వెనక వచ్చే బండ్లని చూసుకోవడానికి చేతి అద్దం దగ్గరుంచుకోమని ఆడవాళ్లకి చెప్పింది. బ్రేకు వేసే ముందు అద్దంలోకి చూడడం నేటికీ మొదటి పాఠమే.

దీనికన్నా ముందు, ఎప్పుడు నడపకూడదో తెలియాలి. బ్రేక్ ఆయిల్ మట్టం డబ్బా మీది కనీస గీత కన్నా కిందికి పోయినా, చక్రాల లోపలివైపు తడి కనిపించినా, పెడల్ నేలదాకా దిగినా ఆ కారుని రోడ్డెక్కించకూడదు. మెకానిక్‌నే దాని దగ్గరకి పిలిపించాలి, లేదా మరో బండితో ఎత్తించి పంపాలి.

తర్వాతి పరీక్ష బండి కదలకుండానే. ఇంజన్ ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కితే గట్టిపడుతుంది. అలాగే తొక్కిపట్టి ఇంజన్ స్టార్ట్ చేస్తే కాస్త కిందికి జారాలి. జారకపోతే బూస్టర్‌ని అనుమానించాలి. అరనిమిషం గట్టిగా తొక్కి ఉంచినప్పుడు మెల్లగా దిగిపోతూ ఉంటే మాస్టర్ సిలిండర్‌లోనో మరోచోటో లీకు. స్పాంజిని నొక్కినట్టు మెత్తగా ఉంటే గొట్టాల్లో గాలి చేరిందేమో చూడాలి. నా కారుకి ఇవేవీ లేవు. ఒక టైరులో గాలి తక్కువైనా బండి పక్కకి లాగుతుంది కాబట్టి ముందు టైర్లు రెండింట్లో సమానంగా కొట్టించాను.

ఒక ఆదివారం పొద్దున్నే, మా కాలేజీ ఆటస్థలం పక్కనున్న పొడుగాటి సిమెంటు రోడ్డు మీదికి, ప్రిన్సిపల్ అనుమతితో, కారు తీసుకెళ్లాను. తోటి అధ్యాపకురాలు ఒకామె మనుషుల రాకపోకలు చూడడానికి వచ్చింది. కాళ్ల దగ్గర దొర్లే నీళ్ల సీసా తీసేశాను. పెడల్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండేలా సీటు ముందుకి జరుపుకున్నాను. నాలాంటి పొట్టివాళ్లకి ఇది మరీ అవసరం. బెల్టు పెట్టుకున్నాను. ఆమె "ఎవరూ లేరక్కా, రా" అని చెయ్యి ఊపాకే కదిలాను.

మొదట ఇరవై వేగంలో, మెత్తగా. తర్వాత ముప్పై. అన్నీ సరిగ్గా ఉన్నాయనిపించాకే నలభై. రెండు చేతులూ స్టీరింగు మీదే, కానీ బిగించి కాదు, అది ఎటు తిరగాలనుకుంటోందో తెలిసేలా. అదే రోడ్డు మీద అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు. వాలే కారణమైతే తిరుగుదారిలో కుడికి లాగాలి. రెండువైపులా ఎడమకే లాగింది.

ఆపి దిగి, తగలకుండా చక్రాల దగ్గరగా చెయ్యి పెట్టి చూశాను. ఎడమ ముందు చక్రం నుంచి సెగ కొడుతోంది. కుడి ముందు చక్రం దగ్గర వేడి అంతగా లేదు. ఎడమకి లాగుతోంది కాబట్టి ఎడమ బ్రేకు చెడిందనుకుంటాం. నిజానికి కుడిది సరిగా పనిచేయక, ఎడమది ఇద్దరి భారం మోస్తోంది. ఇల్లు గుర్తొచ్చి నవ్వుకున్నాను. పనిచేసేదాని మీదే కదా ఫిర్యాదులన్నీ.

ఇదంతా ఒక కాగితం మీద రాసి అదే మెకానిక్‌కి ఇచ్చాను. చదివి, "సార్ రాసిచ్చారా మేడమ్?" అన్నాడు. నేనే రాశానన్నాను. మారుమాట్లాడకుండా కుడి చక్రం విప్పాడు. క్యాలిపర్ జారాల్సిన పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. లోపలి ప్యాడ్ రేకులా అరిగింది, బయటిది మందంగానే ఉంది. పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టి, రెండు పక్కలా కొత్త ప్యాడ్లు వేశాడు. ఊళ్లోకి వెళ్లే ముందు మళ్లీ సిమెంటు రోడ్డు మీద అదే క్రమంలో చూసుకున్నాను. తిన్నగా ఆగింది.

అతని చేతిలో ఉన్న విద్య నాకెన్నటికీ రాదు. జీతం తీసుకునే లెక్చరర్‌కీ, రోజంతా మసిలో పనిచేసే మనిషికీ మధ్య అధికారం ఒక్కవైపే ఉండదనీ నాకు తెలుసు. అయినా ఒక ప్రశ్న మిగిలింది. మగవాడు "లాగుతోంది" అంటే చాలు, చక్రం విప్పుతారు. నాకు ఆరుసార్లు పరీక్షించి రాసిన కాగితం కావలసి వచ్చింది. ఆ కాగితం నెగ్గిందని సంతోషించాలా, అది అవసరమైనందుకు బాధపడాలా?

రెండూ నిజమే అనుకుంటాను. ఆ పరీక్ష వల్ల నా శరీరం చెప్పేది వినడం నాకు అలవాటైంది. దానికి మాటలూ మన దగ్గరే ఉన్నాయి. బ్రేకు వేస్తే వణుకుతోందంటే డిస్కు మందం అంతటా ఒకేలా లేదేమో. కీచుమంటే ప్యాడ్ అరిగిందని హెచ్చరించే రేకు తగులుతోందేమో. గరగరమంటే ఇనుము మీద ఇనుము రాసుకుంటోంది, వెంటనే ఆపాలి. ఏబీఎస్ ఉన్న కారులో గట్టిగా తొక్కినప్పుడు పాదం కింద టకటకమంటే అది జబ్బు కాదు, దాని పని అది చేస్తోంది. వంటింట్లో పోపు చిటపటని బట్టి మంట తగ్గించే చెవికి ఈ తేడాలు కొత్త కావు.

ఎనభైలో వెళ్తూ ఒక్కసారిగా బ్రేకు తొక్కి చూపించడాన్నే చాలామంది ధైర్యమంటారు. ఇరవైతో మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ, అనుమానం వస్తే అక్కడితో ఆపేసేదాన్ని పిరికితనమంటారు. శాస్త్రీయ పద్ధతి అంటే రెండోదే.

మా విద్యార్థినుల్లో చాలామంది స్కూటర్ల మీద వస్తారు. వాళ్లు "ఏదో తేడాగా ఉంది" అంటే ఆ ఒక్కమాటకే బండి విప్పి చూసే షెడ్లు రావాలి. వచ్చేలోగా డ్యాష్‌బోర్డులోనో డిక్కీలోనో కాగితం, పెన్ను ఉంచుకోమని చెబుతున్నాను.